జీవం ఎవరిది, చాకిరీ ఎవరిది: వింజమూరు మెట్టలో రెండు పొట్టేళ్ల కేస్ స్టడీ

మా నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్లలో చదువు ఎక్కని పిల్లోడిని తిట్టాలంటే మొదట వచ్చే మాట "పోయి గొర్రెలు కాసుకోరా". అందుకే, పిలకాయలకి గొర్రెపిల్లలిచ్చి లైఫ్ స్కిల్స్ నేర్పిస్తాం అని మేం చెప్పినప్పుడు ఊళ్లో సగం మంది నవ్వారు, మిగతా సగానికి కోపం వచ్చింది. "మా తాతల కాడ్నుంచి కాస్తానే ఉండాం గదయ్యా, మాకేం స్కిల్లు వచ్చినయ్యి" అని ఒక పెద్దాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ కేస్ రాసేది ఆ ప్రశ్న కోసమే, నాకు దొరికిన జవాబు ముందే చెప్పేస్తా. గొర్రె ఎవరికీ ఏమీ నేర్పదు. దాని మీద నిర్ణయం, లెక్క, డబ్బు ఎవరి చేతిలో ఉంటాయో వాళ్లు నేర్చుకుంటారు. మేపేది ఒకరు, అమ్మేది ఇంకొకరు అయితే మేపినోడికి మిగిలేది కాళ్ల నొప్పులే.

నేను చాలా ఏళ్లు గోపాలమిత్రగా చేశా, ఊరూరా తిరిగి ఆవులకి బర్రెలకి ఎద సూదులు, అంటే చూడి కట్టడానికి కృత్రిమ గర్భధారణ సూదులు, వేసే పని. ఇప్పుడు వింజమూరు, కలిగిరి మధ్య ఊళ్లలో ఒక చిన్న యువజన సంఘంతో కలిసి పిలకాయలతో పని చేస్తున్నా. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. ఈ కేస్‌లో పిల్లోడిని అవ్వ పిలిచినట్టు అబ్బి అనే రాస్తా.

ఆలోచన మా సొంతం కాదు. అమెరికాలో 1902లో ఒహాయో రాష్ట్రంలో పల్లెటూరి పిల్లల కోసం ఒక క్లబ్ పెట్టారు, తర్వాత తర్వాత దాన్నే ఫోర్-హెచ్ అన్నారు, ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ పిల్లలు దూడనో గొర్రెపిల్లనో పందిపిల్లనో తెచ్చుకుని పెంచి, ఏం పెట్టాం, ఎంత ఖర్చయింది, ఎంత బరువు పెరిగింది అని రికార్డు పుస్తకం రాసి, ఫెయిర్‌లో జనం ముందు చూపించి, వేలంలో అమ్ముతారు. మేం అందులోంచి రెండే తీసుకున్నాం, పుస్తకం, అమ్మకం. పోటీ వదిలేశాం. ఒంగోలు ఎడ్ల అందాల పోటీలు, బండలాగుడు పందేలు చూసినోళ్లకి నేను చెప్పక్కర్లేదు, బహుమతి అనేది మధ్యలోకి వచ్చిందంటే పెద్దోళ్ల పరువు కూడా వచ్చి కూర్చుంటుంది, పిల్లోడు పలుపు పట్టుకునే పనికి మిగులుతాడు.

14 నిండినోళ్లనే తీసుకున్నాం. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 లోపు పిల్లలు బడి అయిపోయాక, సెలవుల్లో సొంతింటి పనిలో చెయ్యి వెయ్యొచ్చు, కానీ మేమిచ్చేది ఇంటి పని కాదు గదా, ఆ గీత దగ్గర నిలబడి వాదించే ఓపిక నాకు లేదు. బడికి పోయేవాళ్లయితే బడి టైమ్‌లో మేపు ఉండకూడదు, దొడ్లో కట్టేసి కోసుకొచ్చింది వెయ్యాలి.

గొర్రెపిల్ల ఉచితంగా ఇవ్వలేదు, అప్పుగా ఇచ్చాం. అమ్మాక అసలు కట్టాలి, వడ్డీ లేదు. ఇచ్చేముందు ఇంటి పెద్ద దగ్గర ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాం: అమ్మేటప్పుడు పిల్లోడు అక్కడ ఉండాలి, రేటుకి వాడు ఒప్పుకోవాలి, డబ్బు వాడి ఖాతాలో పడాలి. పదేళ్లు దాటిన పిల్లలు తామే నడుపుకునే సేవింగ్స్ ఖాతా బ్యాంకులోనూ పోస్టాఫీసులోనూ తెరవొచ్చన్న సంగతి చాలా ఇళ్లల్లో తెలీదు, ఆ ఖాతాలు తెరిపించడానికే గొర్రెలు కొన్నంత తిరుగుడు అయ్యింది.

పొట్టేలు పిల్లల్నే ఎంచుకున్నది టైమ్ కోసం. ఆడదైతే ఎదిగి, చూడి కట్టి, అయిదు నెలలు మోసి ఈనే సరికి ఏడాదిన్నర పైనే, ఆ వయసు పిలకాయలకి అది మరీ దూరం. పాలు మరిచిన మూడు నాలుగు నెలల పొట్టేలు పిల్లని ఆగస్టులో తెస్తే సంక్రాంతి ముందర కనుమ గిరాకీకి అమ్ముకోవచ్చు. జాతి గురించి ఆలోచించే పనే లేదు, మన నెల్లూరు గొర్రె ఉంది. దేశంలో ఎత్తైన గొర్రె జాతి ఇదే, ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే, మా ఎండలకి తట్టుకుంటుంది. తెల్లగా ఉంటే పల్ల, తెలుపు మీద మూతి దగ్గర, కళ్ల చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి, ఇంకోటి ఎరుపు రకం.

ఇక అబ్బి సంగతి.

2024 మార్చిలో టెన్త్‌లో లెక్కలు పోయాయి. సప్లిమెంటరీ రాయలేదు. నాయన చెన్నైలో లారీ మీద ఉంటాడు, రెండు మూడు నెలలకొకసారి వస్తాడు, అమ్మ కూలికి పోతుంది, సీజన్‌లో పొగాకు బ్యారన్ల దగ్గర. ఇంట్లో అవ్వ. పొద్దున పదింటికి లేచి ఫోన్ పట్టుకుంటే రాత్రి రెండింటి దాకా ఫోనే. నేను మొదటిసారి పోయినప్పుడు ఏం అడిగినా భుజాలెగరేయడం తప్ప నోరు తెరవలేదు. వాళ్లమ్మ "ఏమడిగినా ఇంతే సార్, గోడతో మాట్లాడినట్టే" అనింది. వాడు ఒప్పుకున్నది కూడా ఆసక్తితో కాదు, పక్కింట్లో ఉండే స్నేహితుడు తీసుకుంటున్నాడని.

కొనేరోజు గొర్రెపిల్లల్ని వాడే ఏరుకోవాలన్నాం. నేను చూపించింది కొంచెమే: కంటి రెప్ప కిందకి లాగి చూడు, లోపల ఎర్రగా ఉంటే మంచిది, పాలిపోయి తెల్లగా ఉంటే కడుపులో నట్టలు రక్తం తాగేస్తున్నాయని లెక్క. తోక కింద పేడ అంటుకుని ఉందా చూడు. నడిపించి చూడు. పళ్లు చూడు. మంద యజమాని విసుక్కుంటున్నా వాడు అరగంట పైన తిరిగి ఒక జోడిపిని, ఒక పల్లని పట్టాడు. జోడిపి 6,400, పల్ల 6,000. ఇంటికి తెచ్చి తూకం వేస్తే జోడిపి 13 కేజీలు, పల్ల 12. ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇట్లాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు మిగతావన్నీ తర్వాత కొనుక్కోండి, ముందు ఒక వేలాడే కాటా కొనండి. గోనెసంచికి నాలుగు రంధ్రాలు చేసి కాళ్లు అందులోంచి దింపి చింతకొమ్మకి వేలాడదీస్తే సరిపోతుంది. పదిహేను రోజులకొకసారి, పొద్దున్నే మేత పెట్టకముందు. ఆ కాటా లేకపోతే ఈ కేస్ ఇట్లా నడిచేదే కాదు.

మొదటి పరీక్ష నట్టల మందు దగ్గర వచ్చింది. ఫెన్‌బెండజోల్ ద్రావణం, సీసా మీద 2.5 శాతం అని ఉంది, అంటే మిల్లీలీటరుకి 25 మిల్లీగ్రాములు. మోతాదు కేజీ బరువుకి 5 మిల్లీగ్రాములు. జోడిపికి ఎన్ని మిల్లీలీటర్లు తాపాలి? నేను చెప్పలేదు. సీసా, కాటా లెక్క, పెన్ను వాడి ముందు పెట్టి బీడీ కాల్చుకుంటూ కూర్చున్నా. వాడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాడు, మూసేశాడు, నేలమీద పుల్లతో రాశాడు. 65 మిల్లీగ్రాములు, 2.6 మిల్లీలీటర్లు. "కరెక్టేనా అన్నా" అన్నాడు. "తప్పైతే ఏమవుతుంది?" అని అడిగా. "తక్కువ తాపితే నట్టలు చావవు" అన్నాడు, కొంచెం ఆగి "ఎక్కువైతే దీనికేమన్నా అవుతుందేమో" అన్నాడు. లెక్కల్లో ఫెయిలైన పిల్లోడు, మళ్లీ చెక్ చేసుకున్నాడు, ఎవరూ చెయ్యమనకుండా. పరీక్ష పేపర్లో తప్పైతే పోయేది ఒక మార్కు, ఇక్కడ ఎదురుగా కళ్లార్పుతూ నిలబడి ఉంది గదా. తాపేటప్పుడు తల మరీ పైకెత్తకూడదు, ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, అది మాత్రం చెయ్యి పట్టి చూపించా.

పీపీఆర్ (పారుడు రోగం) టీకా, చిటుక రోగం టీకా పశువుల ఆసుపత్రి వాళ్లు వేశారు. పీపీఆర్ ఒకసారి వేస్తే మూడేళ్ల దాకా కాపు. మేత కింద వేరుశనగ కట్టె, కోసుకొచ్చిన పచ్చి, సూబాబుల్ ఆకు. సూబాబుల్ మంచిదే గానీ మొత్తం మేతలో మూడోవంతు దాటకూడదు, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. కోత కోసిన జొన్నచేలో మళ్లీ లేచిన పిలకల దగ్గరికి పోనియ్యొద్దని అవ్వే చెప్పింది, "నాము తింటే నిలబడినకాడే పడిపోతాయి అబ్బీ". పిలకల్లో సయనైడ్ ఉంటుందని నేను చెబితే అవ్వ "అదే గదా నేను చెప్పింది" అనింది.

నోటుబుక్కు మొదట్లో ఘోరం. "మేత పెట్టినాను", "మేత పెట్టినాను", "మేత పెట్టినాను". నేను ఏమీ అనలేదు, పక్కన ఒక ప్రశ్న మాత్రం రాసి వచ్చేవాడిని: "ఎంత? మిగిలిందా?" అక్టోబర్ మధ్యలో వాయుగుండం వచ్చి దొడ్డంతా బురదైనప్పుడు మొదటిసారి వాడంతట వాడు రాశాడు: "పల్ల కుంటతా ఉంది. ఎడమ ముందుకాలు. గిట్టల మధ్య వాసన." చూస్తే గిట్టల మధ్య పుండు మొదలైంది. శుభ్రం చేసి పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడగడం, మందు పెట్టడం చెప్పా. ఎత్తు చేయడం వాడి ఆలోచనే. పాడుబడ్డ గోడ రాళ్లు మోసుకొచ్చి దొడ్లో ఒక మూల అరుగు కట్టాడు, పైన కొబ్బరిమట్టల కప్పు. పక్కింటి మామ వచ్చి "గొర్రెకి అరుగా, మీ నాయనకి లేదే ఇంట్లో" అని ఎగతాళి చేశాడంట. వాడు ఎదురు చెప్పలేదు గానీ అరుగు పీకలేదు కూడా.

ఆ బ్యాచ్‌లో మిగతావాళ్లందరి కథ ఇట్లా నడవలేదు. వాళ్లల్లో అందరికన్నా చిన్నోడి గొర్రెపిల్ల ఒకటి చచ్చిపోయింది. పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం ఎవరో ప్రేమగా గంపెడు తెచ్చి పోశారు. ఎప్పుడూ గింజ ఎక్కువ తినని గొర్రె ఒక్కసారి కడుపునిండా అన్నం తింటే అది లోపల పులిసి యాసిడ్ అయిపోతుంది, కడుపు ఆడదు, విరేచనం, నీరసం, త్వరగా పట్టుకుని వంటసోడా నీళ్లు తాపి డాక్టర్ని పిలిస్తే కొన్ని బతుకుతాయి. దీన్ని పొద్దున చూసేసరికే ఆలస్యమైంది. డాక్టర్ గారు కోసి చూపించారు, పొట్టనిండా అన్నమే, పుల్లటి వాసన. పిల్లోడు అక్కడే నిలబడి చూశాడు, తర్వాత మా ఎవరి మొహం చూడలేదు కొన్నాళ్లు. వెంటనే ఇంకోటి ఇచ్చెయ్యండి సార్, ఏడుస్తున్నాడు అని ఊళ్లో అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫోన్ పగిలితే ఇంకో ఫోన్ కొన్నట్టు చేస్తే చావు గురించి వాడికి మనం అబద్ధం చెప్పినట్టు. అప్పు సగం మాఫీ చేశాం, మిగతా సగం ఏం చేద్దామని వాడినే అడిగాం, నెల తర్వాత వచ్చి గొర్రె వద్దు, నాటుకోళ్లు పెంచి కడతా అన్నాడు. కట్టాడు.

అబ్బి దగ్గరికి వస్తే, అసలు మలుపు డిసెంబర్లో. పొట్టేళ్లు బాగా పుంజుకున్నాయి, రోజుకి వంద గ్రాములు దాటి పెరుగుతున్నాయి. ఒకరోజు సాయంత్రం ఫోన్ చేశాడు. వాడు నాకు తనంతట తాను ఫోన్ చేసింది అదే మొదలు. "అన్నా, జోడిపి తోక ఆడిస్తా ఉంది, వీపు ఎత్తి నిలబడి మూలుగుతా ఉంది, మూత్రం చుక్కలు చుక్కలుగా వస్తుండాది, పొద్దున మేత సగం వదిలేసింది." నాకు వెంటనే అర్థమైంది. పశువుల అంబులెన్స్ నంబరు 1962 కి ఫోన్ చెయ్యమన్నా, నువ్వే మాట్లాడు, నాకు చెప్పినట్టే చెప్పు అన్నా. సంచార పశువైద్యశాల బండి మరుసటి రోజు పొద్దున్నే వచ్చింది. డాక్టర్ గారు ఎప్పట్నుంచి, ఎంత దాణా, ఏం దాణా, నీళ్లు ఎన్ని తాగుతుంది అని అడిగితే వాడు పుస్తకం తీసుకొచ్చి ముందు పెట్టాడు. జ్వరం లేదు, 102 చిల్లర, గొర్రెకి అది మామూలే. మూత్రంలో రాళ్లు. పొట్టేళ్లకి మూత్రనాళం చివర సన్నటి కొస ఒకటి ఉంటుంది, రాళ్లు ఎక్కువగా అక్కడే ఇరుక్కుంటాయి. డాక్టర్ గారు ఆ కొస కత్తిరించేసరికి ఇసుకలాంటిది బయటికొచ్చి మూత్రం పారింది. అమ్మోనియం క్లోరైడ్ తాపమని ఇచ్చారు. ఇంకో రోజు ఆలస్యమైతే మూత్రం సంచి పగిలేది, అప్పుడు చేసేదేం లేదు.

కారణం తౌడు. పుస్తకంలో దాణా రోజుకి 200 గ్రాములే ఉంది, మొక్కజొన్న, వేరుశనగ చెక్క, కొంచెం తౌడు, మినరల్ మిక్చర్, ఉప్పు. కానీ వాళ్లమ్మ మిల్లు దగ్గర చవగ్గా దొరుకుతోందని పొద్దున కూలికి పోయేముందు ఇంకో రెండు దోసిళ్ల తౌడు వేస్తోంది, పాపం బాగా బలుస్తాయని. తౌడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, మగ జీవానికి కాల్షియం భాస్వరానికి రెండింతలైనా ఉండాలి, పైగా చలికాలం నీళ్లు తక్కువ తాగుతాయి, రాళ్లు కట్టకేం చేస్తాయి.

ఇప్పుడు ఇంట్లో మాట్లాడాలి. ఈ పని నేను చెయ్యొచ్చు, రెండు నిమిషాల పని, సార్ చెప్పాడంటే ఆమె వింటుంది. నేను చెయ్యనన్నా. వాడికి కోపం వచ్చింది, "మా అమ్మతో నాకు కాదన్నా, అరుస్తది" అన్నాడు. రెండు రోజులు నానబెట్టి చివరికి మాట్లాడాడు, ఎట్లా మాట్లాడాడో వాళ్లమ్మ తర్వాత చెప్పింది. తప్పు నీదే అనలేదంట. "అమ్మా, నువ్వు ఏం పెట్టినా నాకు తెలిస్తే చాలు, పుస్తకంలో ఎక్కాల" అన్నాడంట. ఆమెకి రాయడం రాదు. అందుకని దొడ్డి గోడ మీద బొగ్గుతో, దోసెడుకి ఒక గీత. సాయంత్రం వాడు గీతలు లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించి తుడిచేసేవాడు. నేను ఈ కేస్ మొత్తంలో ఒక్కటి చూపించమంటే బరువు చూపించను, ఆ గోడ చూపిస్తా. పదహారేళ్ల పిల్లోడు పెద్దోళ్ల తప్పుని వాళ్ల మొహాన కొట్టకుండా, తనూ తగ్గకుండా, ఇద్దరికీ కుదిరే పద్ధతి ఒకటి కనిపెట్టాడు, ఇది ట్రైనింగ్ హాల్లో కూర్చోబెట్టి చార్టులు అంటించి నేర్పే సరుకు కాదు.

అమ్మకం రోజు. జనవరి మొదట్లో జోడిపి 28.5 కేజీలు, పల్ల 26. బేరగాడు వచ్చి నడుం మీద చెయ్యేసి నొక్కి చూసి "ఇరవైనాలుగు కూడా తూగదబ్బయ్యా, తొమ్మిదిన్నర ఇస్తా" అన్నాడు. మేనమామ ఒకాయన అక్కడే ఉన్నాడు, పెద్దమనిషి గదా, బేరంలోకి దిగబోతున్నాడు, నేను ఆయన్ని టీకి తీసుకుపోయా. ఇట్లాంటి ప్రోగ్రామ్‌లో నాలాంటోళ్ల ముఖ్యమైన డ్యూటీ ఇదే, పెద్దోళ్లని టీకి తీసుకుపోవడం. మేం తిరిగొచ్చేసరికి కాటా చింతకొమ్మకి వేలాడుతోంది, పొట్టేలు సంచిలో ఉంది, బేరగాడు నవ్వుతున్నాడు. "బేరానికి కాటా తెచ్చినోడిని యాడా చూళ్లేదు" అంటున్నాడు. అబ్బి లెక్క ఏందంటే, బతికున్న బరువులో సగం మాంసం పడుతుంది, 14 కేజీలు వేసుకో, పండగకి కేజీ 900, తల, కాళ్లు, తోలు వేరే. 11,800 అడిగాడు, 11,400 కి కుదిరింది.

పల్ల దగ్గర గొడవ. వాడికి చిన్నప్పుడు జ్వరమొస్తే అవ్వ అమ్మవారికి పొట్టేలు మొక్కుకుంది, ఏళ్లు గడిచాయి, తీర్చలేదు, ఇప్పుడు ఇంట్లోనే పొట్టేలు ఉందాయె. "ఇంట్లో పెట్టుకుని బయట కొంటారా ఎవరన్నా, అదీ నీ కోసం మొక్కిందే గదరా" అని అవ్వ. మాటలో న్యాయం ఉంది, నేనైతే ఇచ్చేసేవాడినేమో. వాడు ఒక పూటంతా మాట్లాడకుండా ఉండి తర్వాత పుస్తకం పట్టుకొచ్చి, "అవ్వా, దీని మీద సంఘానికి 6,000 అప్పుంది. నువ్వు కొనుక్కో. బేరగాడికైతే 10,400. నీకు పదివేలు" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు, బేరం ఆడింది. తొమ్మిదివేలకి అడిగింది. వాడు దిగలేదు. అవ్వకి పింఛను నెలకి 4,000 వస్తుంది, మూడు వాయిదాల్లో కట్టేట్టు తేల్చుకున్నారు, పుస్తకంలో రాసి అవ్వ వేలిముద్ర కూడా వేయించాడు. మొక్కు తీరిన రోజు నేను పోలేదు. వాడు పోయాడు, కూర తినలేదంట. తినమని ఎవరూ బలవంతం చెయ్యలేదు, అది మంచి పనే.

డబ్బు లెక్క వాడు వేసిందే ఇస్తున్నా. గొర్రెపిల్లలు 12,400. దాణా 1,680. మందులు 310. తాడు, బక్కెట్ 250. మొత్తం 14,640. వచ్చింది 21,400. మిగిలింది 6,760. కింద ఇంకో లైన్ రాశాడు: "150 రోజులు. రోజుకి 45." ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 300. "అన్నా, రెండు జీవాలకైనా పదికైనా కోసుకొచ్చే టైమ్ అటు ఇటుగా అంతే గదా, రెంటితో గిట్టదు" అన్నాడు. గొర్రెల పెంపకం లాభసాటి అని యూట్యూబ్‌లో అరిచేవాళ్లు ఈ లైన్ చదివితే బాగుండు. చాలామంది నన్ను కేంద్రం పథకం నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ సబ్సిడీ వస్తుందా వీళ్లకి అని అడుగుతారు. అందులో చిన్న యూనిటే 100 ఆడ గొర్రెలు 5 పొట్టేళ్లు, సగం సబ్సిడీ, మిగతా సగం తెచ్చుకునే స్తోమత ఉన్న పెద్దోళ్ల వ్యాపారం అది, మన పనికి సంబంధం లేదు.

మారిందేంటి మారనిదేంటి అంటే, ఫోన్ మానలేదు, అరుగు మీద కూర్చుని చూస్తాడు, అంతే తేడా. కోపం అట్లాగే ఉంది. పొద్దున మాత్రం లేస్తున్నాడు, గొర్రెలు లేకపోయినా. వాళ్లమ్మ మాటల్లో "ఇప్పుడు అడిగితే బదులు చెప్తుండాడు సార్, తిట్టినా సరే చెప్తుండాడు". టెన్త్ ఫీజు వాడి ఖాతాలోంచి కట్టుకుని లెక్కలు మళ్లీ రాశాడు, పాసయ్యాడు, ఆ క్రెడిట్ గొర్రెలకి ఇవ్వను, వాడికి ట్యూషన్ చెప్పిన సీనియర్ అబ్బాయి కష్టం ఉంది అందులో. టెన్త్ తర్వాత పశువైద్య విశ్వవిద్యాలయం కింద రెండేళ్ల యానిమల్ హస్బెండ్రీ పాలిటెక్నిక్ ఉంది, అందులో చేరతాడని నాకు ఆశ. వాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కి పోయాడు. వాడి లెక్క వాడు వేసుకున్నాడు.

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ. కానీ అదే బ్యాచ్‌లో అమ్మణ్ణి ఉంది, 15 ఏళ్లు, ఇంట్లో పెద్ద మంద. జీవాల పని ఆ పిల్లకి నాకన్నా బాగా తెలుసు, ఇది మర్యాదకి చెప్పడం లేదు. ఒకసారి వాళ్ల మందలో ఈనలేక కొట్టుకుంటున్న గొర్రెకి కాలు మడతపడిన పిల్లని సర్ది బయటికి తీసింది, బొడ్డుకి అయోడిన్ పెట్టి గంటలోపల జున్నుపాలు తాగించింది. నేను చెప్పగలిగింది ఒక్కటే, మాయని, ఆ నీళ్లని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, గ్లవుజులేసుకో, బ్రూసెల్లా లాంటి రోగక్రిములు మనిషికి అంటుకుంటాయని. మా బ్యాచ్‌లో బాగా బరువు పెరిగినవి ఆ పిల్ల పొట్టేళ్లే. కాగితం మీద చూస్తే ఫస్ట్ ర్యాంక్.

డిసెంబర్లో ఆ పిల్ల బడికి పోయిన రోజు వాళ్ల నాయన రెంటినీ అమ్మేశాడు. అన్న బైకు వాయిదాలకి. సంఘం అప్పు మాత్రం పైసాతో సహా తెచ్చి కట్టాడు, మర్యాదస్తుడే. సంతకం పెట్టావు గదన్నా అంటే "సంతకానిదేముంది సార్, మీరడిగారు పెట్టా. ఆడపిల్లకి ఖాతాలో డబ్బెందుకు, అన్నీ మేం చూస్తాం గదా" అన్నాడు. ఆ పిల్ల పుస్తకం ఆ రోజుతో ఆగిపోయింది. చివరి లైన్ బరువు, దాని కింద ఖాళీ. అబ్బి గోడ మీద గీతలు, వేలిముద్ర, బేరం, ఇవన్నీ ఈ పిల్లకి ఎందుకు రాలేదు? పని తక్కువ చేసిందా? పెద్దాయన అడిగిన ప్రశ్నకి జవాబు ఈ ఇంట్లో ఉంది. తాతల కాడ్నుంచి కాసిన వాళ్లల్లో చానామంది ఈ పిల్లలాగే కాశారు.

ఫిబ్రవరిలో కొత్త బ్యాచ్‌కి పేర్లు రాసుకుంటుంటే అమ్మణ్ణి మళ్లీ వచ్చింది. రాదనుకున్నా. "సార్, ఈసారి పొట్టేళ్లు వద్దు, ఆడపిల్లలు ఇయ్యండి" అనింది. ఏడాదిన్నర పడుతుందమ్మా అన్నా. "పడనీయండి. పొట్టేలైతే మా నాయన ఎప్పుడు డబ్బు కావాలంటే అప్పుడు తోలేస్తాడు. ఈనే దాన్ని అమ్మడు. మా ఇంట్లో ఎవరూ అమ్మరు." మా నియమం పొట్టేలు పిల్లలే, సంఘంలో వాదన జరిగింది, చివరికి రెండు పల్ల ఆడపిల్లలు ఇచ్చాం, అప్పు గడువు పెంచాం.

ఒకటి ఇప్పుడు చూడి కట్టింది. పోయిన వారం పోతే పుస్తకం చూపించింది, కొత్త పుస్తకం. మొదటి పేజీలో ఒక ఒప్పందం రాసి ఉంది: మొదటి ఈత పిల్ల మగదైతే నాయనకి, ఆడదైతే తనకి, పాలు మరిచే దాకా మేపు ఖర్చు చెరిసగం. కింద వాళ్ల నాయన సంతకం, ఈసారి సాక్షి కింద అన్న సంతకం కూడా పెట్టించుకుంది. కవలలు పుడితే ఏం చేస్తావని అడిగా. పేజీ తిప్పింది, అదీ రాసుకుంది.